నాలుగు మిల్లీమీటర్లు

దారం రెండు గిలకల మీదుగా బుద్ధిగా వచ్చి మూడో దాని దగ్గర మొరాయించింది. నార్మన్ ఓగ్డెన్ ఊపిరి బిగబట్టి పట్టకారుతో దాని కొస అందుకున్నాడు, రావే తల్లీ, ఇవాళ కూడా నాతో పంతమా అని బతిమాలాడు, అది రాలేదు, కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం దించుకుని మళ్ళీ పట్టాడు. పదీ అయిదయింది. పదకొండింటికి క్లిఫ్‌ని శవపేటికలో తీసుకెళ్ళే నల్ల కారు మూడిళ్ళ అవతల బయల్దేరి ఈ గుమ్మం ముందునించే ప్రార్థన మందిరానికి వెళ్తుంది, ఆ వేళకి ఈ చిట్టి ఇత్తడి క్రేన్‌కి కొక్కెం వేలాడాలి. క్లిఫ్ భార్య డోరీన్ అడిగిందల్లా అదొక్కటే. తొమ్మిదేళ్ళు నా వంటింటి బల్లని చెడగొట్టాడు ఆ ఇత్తడి ముక్కలతో, టీ తర్వాత అందరూ చూసేలా బల్ల మధ్యన పెట్టాలి, తాడొక్కటే మిగిలింది, ఆ పని నువ్వే చేస్తావని చెప్పాడు, అంది. నువ్వే చేస్తావని చెప్పాడుట. ఏ మొహం పెట్టుకుని చెప్పాడో. ఏ మొహం పెట్టుకుని తను చేస్తున్నాడో. దారం కొసకి కాస్త మైనం రాశాడు, అప్పుడు గాని అది గిలక గాడిలోకి జారలేదు. ఈ గిలకలు మాత్రం తను చేసినవే, ఏడు, ఒక్కోటి చొక్కా బొత్తంలో పావు వంతు, మగ్గాల కార్ఖానాలో ముప్ఫయ్యారేళ్ళు అచ్చులు చేసిన చేతులతో, మధ్యాహ్నం భోజనం మానేసి లేత్ మీద తిప్పినవి. అవి క్లిఫ్ అరచేతిలో పోస్తే వాడు వాటిని చూసి, ఒరేయ్ ఇవి తిరుగుతాయిరా అన్నాడు, తిరక్కపోతే గిలకలెందుకవుతాయిరా వెధవా అన్నాడు తను, ఇద్దరూ పసివాళ్ళలా వాటిని గోటితో తిప్పుకుంటూ కూచున్నారు. డోరీన్ టీ రెండుసార్లు వేడి చేసింది ఆ రోజు.

క్లిఫ్ అచ్చుల పనివాడు కాదు. వాడిది రైల్వే షెడ్డు, పట్టాలు తప్పిన బళ్ళని లేవనెత్తే పెద్ద ఆవిరి క్రేన్ మీద ఇరవై రెండేళ్ళు పనిచేశాడు, మీట దగ్గర నిలబడేవాడు, చేతులు గునపాలు పట్టడానికి పుట్టిన చేతులు. ఆ చేతులతో, రేకు కోసి, వంచి, టంకం పెట్టి, అదే క్రేన్‌ని జానెడు పొడుగున చేస్తానంటే బొమ్మ రైళ్ళు చేసేవాళ్ళ క్లబ్బులో అందరూ నవ్వారు. కొనుక్కోవచ్చు కదరా, డబ్బాలో వస్తాయి, జిగురు పెట్టి అంటించుకోవడమే అన్నారు. డబ్బాలో వచ్చేది నా క్రేన్ కాదు అన్నాడు వాడు. పాత పత్రికలో నక్షా ఒకటి పట్టాడు, నలభయ్యేళ్ళనాటి కాగితం, మడతల దగ్గర చిరుగులు. ఇలాంటి పనిలో చేరినవాడికి మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది, నక్షా మీద స్కేలు పెట్టి కొలవకు, అందులో అంకెలేం రాసుంటే అవే నమ్ముకో అని, ఎందుకంటే అచ్చు వేసేటప్పుడు కాగితం సాగుతుంది, కుంచించుకుపోతుంది, దాన్ని కొలిచినవాడి బండి జీవితాంతం మరుగుజ్జుదే. ఆ మాట క్లిఫ్‌కి చెప్పింది తనే. అడుక్కి నాలుగు మిల్లీమీటర్లు, అదీ లెక్క, అసలు క్రేన్ మీద ఒక అడుగు ఉంటే నీ బల్ల మీద నాలుగు మిల్లీమీటర్లు, అంకె చూడు, గుణించు, కాగితాన్ని ముట్టుకోకు. సరే సార్ అని సలాం కొట్టాడు వాడు, వంటింటి చాకుతో.

ఆ సలాం పక్కకి నెట్టి పట్టకారుని మళ్ళీ దారం మీదికి దించాడు. దారం నాలుగో గిలక దాటింది. బయట వాన మొదలైంది, సన్నగా, ఈ ఊళ్ళో వానంటే అది పడుతున్నట్టు కాదు ఊరికే ఉన్నట్టు ఉంటుంది, అక్టోబర్లో ఆ మంగళవారం కూడా ఇదే వాన, క్లబ్బు మెట్ల నిండా తడి గొడుగులు. ఆ రోజు క్లిఫ్ తన క్రేన్‌ని మొదటిసారి తెచ్చాడు, చెప్పుల పెట్టెలో, పాత తువ్వాలులో చుట్టి. విప్పగానే గదిలో మాటలాగిపోయాయి. అంత బాగుంది. బాయిలరు, పొగగొట్టం, పళ్ళ చక్రాలు, పైన ఏనుగు తొండంలా చాచిన ఆ పొడుగాటి బూమ్, ఇంకా రంగు వెయ్యని పచ్చటి ఇత్తడి దీపం కింద మెరిసిపోతోంది. పొగడ్తలు మొదలయ్యాయి. ఆ పొగడ్తల్లో ఒక్కటైనా నార్మన్ గిలకల గురించి కాదు. ఇప్పుడు ఒప్పుకోవచ్చు, ఎవరూ వినడంలేదు కదా, అదే గుచ్చుకుంది. గిలకల మాట ఎత్తలేదని ఒక ముసలాడు అలిగాడు, ఎంత సిగ్గుచేటు. పైజేబులోంచి స్టీలు స్కేలు తీశాడు, ఆ స్కేలు లేకుండా ఏనాడూ గడప దాటలేదు తను, తీసి చక్రాలకీ బాయిలరుకీ ఆనించి చూసి, చివరికి బూమ్ పక్కన పెట్టాడు, పెట్టి అందరికీ వినపడేలా అన్నాడు, "ఒరేయ్ క్లిఫ్, నాలుగు మిల్లీమీటర్లు తక్కువుందిరా! కాగితాన్ని కొలిచేశావు కదూ? పైగా ఇదేంటి, మధ్యలో మాసిక! లంగాకి వేసినట్టు మాసిక వేశాడండీ క్రేన్‌కి!" గది గదంతా ఘొల్లుమంది. బూమ్‌కి రెండు పక్కలా రెండేసి, మొత్తం నాలుగు చిన్న రేకు ముక్కలు, బియ్యపు గింజంతవి, అతుకు మీద వేసినవి, నక్షాలో లేనివి. తప్పు కోసి, అతికించి, కప్పిపుచ్చాడనుకున్నాడు. క్లిఫ్ నవ్వలేదు, కోప్పడలేదు. నార్మన్ మొహంలోకే చూశాడు కొంచెంసేపు, ఏదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టు. ఆ తర్వాత క్రేన్‌ని తువ్వాలులో చుట్టుకుని, డోరీన్ ఎదురుచూస్తుంటుంది అని వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదు.

పద్నాలుగు వారాలు. మూడిళ్ళ దూరం, పద్నాలుగు వారాలు. మొదటి మంగళవారం వాడు రాకపోతే జలుబేమోలే అనుకున్నాడు, రెండోవారం, పోన్లే అలక తీరాక వాడే వస్తాడు అనుకున్నాడు, మూడోవారం నించి, నేనెందుకు వెళ్ళాలి నేను అబద్ధం చెప్పానా, స్కేలు అబద్ధం చెప్తుందా అనుకున్నాడు, ఆ మాట పట్టుకునే క్రిస్మస్ దాటేశాడు. బస్టాపులో ఒకసారి కనపడ్డాడు క్లిఫ్, మఫ్లరు నోటికడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు, ఆ ఊపిరితిత్తుల్లో ఇరవై రెండేళ్ళ బొగ్గు పొగ ఉంది మరి. నార్మన్ చూసి కూడా మాంసం దుకాణం కిటికీలో వేలాడుతున్న సాసేజిల్ని ఎప్పుడూ చూడనట్టు చూస్తూ నిలబడ్డాడు. వచ్చే ఆదివారం వెళ్దాం అనుకున్నాడు. ఆ ఆదివారం ఇంకా రాలేదు. పోయిన శుక్రవారం పొద్దున పాలసీసాలు తీసుకోడానికి తలుపు తీస్తే క్లిఫ్ ఇంటి కిటికీలకి తెరలు వేసి ఉన్నాయి, పట్టపగలు, పైనా కిందా. ఈ వీధిలో అలా తెరలు వేశారంటే ఆ ఇంట్లో మనిషి పోయినట్టే, ఇంక ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. సీసాలు చేతిలో ఉండగానే మెట్టు మీద కూలబడ్డాడు.

అయిదో గిలక, ఆరోది. ఇప్పుడు కొక్కెం పక్కనున్న ఏడోది, ఆ తర్వాత ముడి. దారం కూడా క్లిఫే సిద్ధం చేసి పెట్టాడు, నల్ల నారదారం, తేనెమైనం పట్టించి, ఒక చివర ముడి వేసి, టీ పొడి డబ్బా అట్టముక్కకి చుట్టి. అట్ట మీద వాడి పెద్ద పెద్ద వంకర అక్షరాలు: *తాడు కోసేశాను. మళ్ళీ కొలవకు. కొక్కెం పట్టాని తాకుతుంది.* మళ్ళీ కొలవకు. నిన్న అది చదివినప్పుడు చెంప చెళ్ళుమంది. కొలవన్రా, ఒట్టు, ఇంకెప్పుడూ కొలవను. కాని నిన్న మధ్యాహ్నం ఊరుకోలేకపోయాడు. క్లబ్బువాళ్ళంతా ఇవాళ వస్తారు, బల్ల చుట్టూ మూగుతారు, ఎవడో ఒకడికి ఆ అక్టోబరు మంగళవారం గుర్తొస్తుంది, ఇదే కదా ఆ పొట్టి బూమ్ అంటాడు, చచ్చినవాణ్ణి కూడా నవ్వుతారు. తన నోటితో అంటించిన మచ్చ, తన చేత్తోనే తుడుద్దామనుకున్నాడు. ప్రేమగానే చేశాడు, దేవుడా, అంత ప్రేమగా ఏ పనీ చేసి ఉండడు. టంకం కరిగించి ఆ మాసికలు ఊడదీశాడు, అతుకు విప్పాడు, సరిగ్గా నాలుగు మిల్లీమీటర్ల ఇత్తడి ముక్కలు కోసి మధ్యలో కూచోబెట్టాడు, ఆకురాయితో రుద్దాడు, అతుకెక్కడో తనకే కనపడనంతగా రుద్దాడు. ఇప్పుడెవడు నవ్వుతాడో చూస్తా అని పైకే అన్నాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి నిన్న కడుపునిండా తిన్నాడు.

ముడి గిలక దాటి బిగుసుకుంది. క్రేన్‌ని పట్టాల ముక్క మీద నిలబెట్టి కొక్కెం వదిలాడు. అది దిగింది, దిగి ఆగిపోయింది. పట్టాకి గోరంత ఎత్తులో. ఊగుతోంది. తాడు చాల్లేదు. మళ్ళీ తప్పు కోశాడు పిచ్చోడు, అనుకున్నాడు ముందు, జాలిగానే. వెంటనే, ఉండు, అనుకున్నాడు. తాడా? ఇరవై రెండేళ్ళు క్రేన్ తాళ్ళతో బతికినవాడు తాడు తప్పు కోస్తాడా? కళ్ళు మూసుకుని కోసినా కోయడు. వేలితో కొక్కేన్ని ఆపి పట్టుకున్నాడు. మరి కాగితాన్ని కొలిచాడనుకుంటే, కాగితం కుంచించుకుపోతే అంతా కుంచించుకుపోవాలి కదా, చక్రాలు, బాయిలరు, కింది చట్రం, అన్నీ మరుగుజ్జువి కావాలి కదా. ఇందులో బూమ్ ఒక్కటే పొట్టిది. తక్కినవి వెంట్రుకవాసి తేడా లేదు, ఆ రోజు తనే కొలిచాడు, కొలిచి కూడా ఆలోచించలేదు. పైగా కాగితం చేసే తప్పు మూడో మూడున్నరో అవుతుంది, ఇలా లెక్కపెట్టినట్టు నాలుగెలా అవుతుంది? నాలుగు అంటే ఒక అడుగు. సరిగ్గా ఒక అడుగు. బల్ల మీది స్కేలు వైపు చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు.

"తలుపు తీసే ఉంది, వచ్చేశాను," అంటూ డోరీన్ మేడమెట్లెక్కి వచ్చింది, నల్ల గౌను, కాళ్ళకి మాత్రం ఇంట్లో తొడుక్కునే గులాబీ రంగు మెత్తటి చెప్పులు. "మా ఇంట్లో ఆడాళ్ళు రొట్టెలకి వెన్న రాస్తూనే ఉన్నారు నార్మన్. ఇంకాసేపు కూచుంటే నాకూ రాసేట్టున్నారు. అయిదు నిమిషాలు ఇక్కడ ఊపిరి పీల్చుకుని పోతా. అయిపోయిందా?"

"తాడొక్కటే."

"తాడొక్కటే, తాడొక్కటే. ఆయనా రెండు నెలలు ఇదే పాట. నువ్వు వస్తావని ఉంచాడులే. ప్రతి ఆదివారం తలుపు వంక చూడ్డం, వాడొస్తే తాడు కడతాం అనడం." వంగి క్రేన్ వంక చూసింది, కళ్ళజోడు తెచ్చుకోలేదు, మొహం దగ్గరగా పెట్టింది. "ఎంత ముద్దుగా ఉందో. విల్ఫ్ చూస్తే బాగుండేది."

"విల్ఫ్ ఎవరు?"

"అదేంటి, నీకు తెలుసుగా. మా పెళ్ళికి తోడు నిలబడ్డవాడు. నువ్వీ ఊరు రాకముందు మాటలే." ఆమె గౌను మీద లేని పిండిమరక దులుపుకుంది. "మంచులో పడిపోయిన గూడ్సు పెట్టెని లేపుతుంటే క్రేన్ కాలు నేల్లోకి దిగబడింది. బూమ్ పోయి వంతెన గోడకి కొట్టుకుంది. విల్ఫ్ మధ్యలో ఉన్నాడు. మీట దగ్గర మీవాడే. వంకరపోయినంత మేరా కోసేసి, రేకులు వేసి అతికి, మళ్ళీ నడిపారు, ఒక అడుగు పొట్టిగా. మిగతా జన్మంతా దాన్నే నడిపాడు కదా మా ఆయన. ఆ అడుగులోనే ఉన్నాడే విల్ఫ్, అనేవాడు నాతో. ఇంకెవరితోనూ అనేవాడు కాదు. నీకు కూడా నోటితో చెప్పలేదనుకో. చెప్పక్కర్లేదే, నార్మన్ స్కేలు పెట్టి చూస్తాడు, చూడగానే కనపడుతుంది వాడికి, వాడొక్కడికే కనపడుతుంది అన్నాడు." ఆమె నార్మన్ భుజం మీద చెయ్యి వేసింది. "అక్టోబర్లో క్లబ్బుకి తీసుకెళ్ళింది అందుకేగా. చూశావుగా?"

నార్మన్ నోరు తెరిచాడు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చెప్పులు తడిసి ఉన్నాయి. "చూశాను," అన్నాడు.

"ఊఁ. అది చాలు ఆయనకి," అంది డోరీన్, చెంప ఒకసారి తట్టి వెళ్ళిపోయింది. పదీ ఇరవై రెండు.

చూశాను అన్నాడు. లంగాకి వేసినట్టు మాసిక అన్నాడు. వాడు మొహంలోకి చూస్తూ ఎదురుచూసింది దీనికా. ఇదిగో ఇప్పుడు చూస్తాడు, ఇప్పుడు అర్థమవుతుంది నా నార్మన్‌కి, స్కేలు తీశాడు, ఇంక ఒక్క క్షణం. ఆ క్షణంలో తను అందరివైపూ తిరిగి నవ్వాడు. ఆ నవ్వుల మధ్య వాడేం చెప్తాడు, చచ్చిపోయిన స్నేహితుడి పేరు ఎలా ఎత్తుతాడు, ఎత్తితే మీట దగ్గర ఉన్నదెవరో కూడా చెప్పాలి కదా. ముప్ఫయ్యేళ్ళు ఛాతీలో మోసిన దాన్ని ఇత్తడిలో చేసి తెచ్చి తన ముందు పెట్టాడు, చూసి ఊరుకోరా అని. తను ఊరుకోలేదు. అది చాలదన్నట్టు నిన్న ఆ అడుగు పూడ్చేశాడు. విల్ఫ్ అనేవాడే లేనట్టు, ఆ మంచు కురవనట్టు, ఆకురాయితో నున్నగా రుద్దేశాడు. ఒరేయ్ క్లిఫ్, నిన్ను రెండుసార్లు చంపాన్రా నేను. ఏడ్చే టైము లేదు, భూతద్దం మీద నీళ్ళు పడితే టంకం కనపడదు. టంకం పెట్టే కడ్డీ వేడెక్కడానికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో తాడు విప్పాడు, తడిపిన దూదిని బూమ్‌కి చుట్టాడు, పక్క అతుకులు కూడా కరిగిపోకుండా, కరిగితే తొమ్మిదేళ్ళ పనీ బల్ల మీద ముక్కలుగా రాలుతుంది. కడ్డీ మొన ఆనించాడు. ఎంతో జాగ్రత్తగా పెట్టిన తన ముక్కలు వెన్నలా జారి ఊడిపోయాయి. తన పనితనం అంత తేలిగ్గా ఊడడం చూస్తే మొదటిసారి హాయిగా అనిపించింది. రెండు కొసలూ కలిపి టంకం పారించాడు. పొట్టిదైంది. సరైందైంది.

మాసికలు. నిన్న ఊడదీసి డబ్బా మూతలో పడేశాడు, తుక్కులో. మూత తెల్లకాగితం మీద బోర్లించాడు, ఒకటి, రెండు, అదిగో మూడోది. భూతద్దం కింద పెట్టి ఇప్పుడు చూశాడు, అక్టోబర్లో చూడాల్సినట్టు. ఒక్కోదాని మీద ఎనిమిది రివెట్లు, మొద్దుబారిన సూదితో వెనకనించి ఒక్కోటీ ఒత్తినవి, రెండు వరసలు, వరసకి నాలుగు. అందులో ఒక్కటి కావాలనే కొంచెం వంకరగా ఉంది, మూడు మాసికల మీదా అదే చోట. రైల్వే కార్ఖానాలో ఎవడో ఒకడు అసలు రేకుల మీద ఆ చోటి రివెట్లు అలాగే వంకరగా కొట్టి ఉంటాడు, క్లిఫ్ అది కూడా మర్చిపోలేదు. తప్పు కప్పిపుచ్చుకునేవాడి పనా ఇది. నాలుగోది లేదు. కాగితం మీద లేదు, బల్ల మీద లేదు. ఇత్తడి కాబట్టి అయస్కాంతానికి రాదు. దానికి ఒకటే దారి, గదిలో తెర వేసి చీకటి చేసి, టార్చి నేలమీద పడుకోబెట్టి వెలిగిస్తే ఎంత చిన్న ముక్కకైనా పొడుగు నీడ పడుతుంది. తెర లాగడానికి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఎదుటి వరసలో ఇళ్ళన్నిటికీ తెరలు వేసున్నాయి, వీధి ఆ చివర నించి ఈ చివరదాకా, క్లిఫ్ పోతున్నాడని. తనొక్కడే వెయ్యలేదు ఇప్పటిదాకా. లాగాడు. మోకాళ్ళ మీద కూచున్నాడు, చెంప నేలకానించి టార్చి వెలుగులోకి చూశాడు. దారప్పోగు నీడ, రొట్టెముక్క నీడ, పిన్ను నీడ. మంచం కింద, గోడవార. క్లిఫ్, ఒక్కటిరా, ఒక్కటి కనపడనీ. బయట కారు తలుపులు మూసుకున్న చప్పుడు, ఒకటి, రెండు, మెత్తగా.

దొరకలేదు. లేచి మూడింటినీ వాటి చోట పెట్టి టంకం తాకించాడు, చేతులు వాటంతటవే చేశాయి. దారం మళ్ళీ ఎక్కించాడు, ఈసారి అది ఎక్కడా మొరాయించలేదు. కొక్కెం వదిలాడు. దిగింది, దిగింది, పట్టా మీద ఆనింది, చిన్న చప్పుడు చేసి. దారం సడలలేదు, బిగుసుకోలేదు. మళ్ళీ కొలవకు అన్నాడు, నిజమే, కొలవాల్సింది ఏమీ లేదు. నాలుగోది ఇంకోటి చెయ్యొచ్చు, రేకు ఉంది, సూది ఉంది, అయిదు నిమిషాల పని, ఆ వంకర రివెట్‌తో సహా చెయ్యగలడు. చెయ్యలేదు. ఆ ఖాళీ చోటు అలాగే ఉంటుంది. బల్ల మీద పెట్టేటప్పుడు ఆ పక్కనే జనం వైపు తిప్పి పెడతాడు. ఎవడో ఒకడు అడుగుతాడు, ఇక్కడేదో ఊడిపోయిందే నార్మన్ అంటాడు. అప్పుడు చెప్తాడు, ఆ రోజు ఎంత గట్టిగా నవ్వాడో అంత గట్టిగా, అదే మనుషుల ముందు, తనేం చూడలేదో, తనేం చేశాడో. విల్ఫ్ గురించి మాత్రం చెప్పాలో వద్దో డోరీన్ని అడుగుతాడు. డోరీన్ మొహంలోకి చూడగలిగితే.

క్రేన్‌ని దాని పట్టాల ముక్కతో సహా చెప్పుల పెట్టెలో పెట్టి, అదే పాత తువ్వాలు కప్పి, కోటు తగిలించుకుని మెట్లు దిగేసరికి నల్ల కారు తన గుమ్మం దాటి పోయింది. టోపీ తీసి గుమ్మంలో నిలబడాల్సినవాడు అదీ చెయ్యలేకపోయాడు. కారు వెనక డోరీన్, అక్కచెల్లెళ్ళు, క్లబ్బువాళ్ళు తలలు వంచుకుని నడుస్తున్నారు. పైజేబు తడుముకున్నాడు అలవాటుగా, స్కేలు బల్ల మీదే ఉండిపోయింది, వెనక్కి వెళ్ళలేదు. పెట్టెని కోటులోపల గుండెకి ఆనించుకుని, తలకి ఏమీ లేకుండా వానలో పరుగులాంటి నడకతో వాళ్ళ వెనక చేరాడు. కనపడిందిరా, అన్నాడు, పెదాలు కదిలీ కదలకుండా, ఇప్పుడు కనపడిందిరా క్లిఫ్. కారు చర్చి మలుపు తిరిగింది. వేసే ప్రతి అడుక్కీ పెట్టెలో కొక్కెం ఊగి పట్టాని తాకుతున్న చప్పుడు, అతనొక్కడికే వినపడుతూ, వీధి పొడుగునా వచ్చింది.